రుక్మిగారి తాటస్థ్యము

కురుక్షేత్రమున పదునెనిమిది అక్షౌహిణులు మోహరించిన కాలమున, భరతఖండమందలి రాజులెల్లరును ఏదో ఒక పక్షమును చేరి చావునకు సిద్ధపడుచుండగా, ఉభయపక్షములకును దూరముగా నిలిచిన మహావీరులు ఇద్దరు కలరు. వారిలో బలరాముని అందరును ఎరుగుదురు. భీమదుర్యోధనులు ఇరువురును తన శిష్యులే యగుటచేత ఎవరి తల పగిలినను తనకే నొప్పియని తలచి, ఆ మహానుభావుడు సరస్వతీతీరమున తీర్థయాత్రకు వెడలిపోయెను. రెండవవాడు విదర్భరాజకుమారుడైన రుక్మి, రుక్మిణీదేవికి అన్నగారు. ఈయనను గూర్చి పౌరాణికులు ఒక్క మాటతో దాటిపోవుదురు గాని, రాజనీతిశాస్త్రము చదువుకొనువారు బలరాముని విడిచి ఈయననే ముందుగా చదువవలెనని నా అభిప్రాయము.

ఏలయన రుక్మి మొదటినుండియు తటస్థుడు కాడు. ఒక అక్షౌహిణి సేనతో పాండవుల శిబిరమునకు వచ్చి, "అర్జునా, నీకు భయమైనచో చెప్పుము, నేను తోడు నిలిచెదను" అనెను. అర్జునుడు నవ్వి, భయము తనకు లేదనియు, ఉండదలచినచో ఉండవచ్చును, పోదలచినచో పోవచ్చుననియు చెప్పెను. రుక్మి అచ్చటినుండి తిన్నగా దుర్యోధనుని యొద్దకు పోయి అవే మాటలు పలికెను. దుర్యోధనునకు ఎన్ని లోపములున్నను అభిమానమునకు లోపము లేదు, ఆయనయు వలదనెను. అంతట రుక్మి సేనను మరలించుకొని ఇంటికి పోయి తటస్థుడయ్యెను. రెండిండ్ల పెండ్లికిని పిలుపు రాని చుట్టము, ఆనాడు తనకు ఉపవాసవ్రతమని ఊరివారితో చెప్పుకొన్నట్లుగా, విదర్భలో ఈ తాటస్థ్యమును గూర్చి ఎట్టి ఉపన్యాసములు జరిగియుండునో వ్యాసులవారు వ్రాయలేదు.

ఈ రుక్మి నాకు జ్ఞప్తికి వచ్చుటకు కారణము ఐర్లండు దేశము. ఆ దేశము మనకు మరీ పరాయిది కాదు. మన రాజ్యాంగములోని ఆదేశసూత్రములకు మాతృక వారి 1937 నాటి రాజ్యాంగమే. బరంపురమున పుట్టిన మన వి.వి. గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను నగరమునకు పోయి, అచ్చటి తిరుగుబాటుదారులతో సంబంధము పెట్టుకొన్నారన్న అనుమానముపై 1916లో చదువు ముగియుచుండగనే దేశము విడిచి రావలసివచ్చెను. అట్టి దేశమున ఇప్పుడొక పెద్ద చర్చ నడుచుచున్నది. 2023లో ఫిన్లండును, 2024లో స్వీడనును నాటో కూటమిలో చేరిపోయిన పిమ్మట, తామింకను ఏ సైనికకూటమికిని చెందక తటస్థులుగనే ఉండవలెనా, మానవలెనా యని ఐర్లండువారు తర్కించుకొనుచున్నారు. తాటస్థ్యము మా ఆత్మయని కొందరును, తాటస్థ్యము మా సోమరితనమని కొందరును వాదింతురు. ఈ రెండును ఒకే వస్తువునకు పేర్లు కారాదా యని అడిగినవాడు మాత్రము నాకు కనబడలేదు.

చరిత్రను కొంచెము తిరుగవేయుదము. 1938లో ఆంగ్లేయులు తమ చేతులలో ఉంచుకొన్న మూడు ఓడరేవులను ఐర్లండునకు తిరిగి యిచ్చిరి. అవి రాకున్నచో మరుసటి సంవత్సరము ప్రధాని డి వెలేరాగారు తాటస్థ్యమును ప్రకటించుట సాధ్యమయ్యెడిది కాదు. శత్రునౌకాదళము నీ ఇంటి వసారాలో కూర్చుండియుండగా నేను తటస్థుడనని చెప్పుట హాస్యాస్పదము గదా. 1939లో యుద్ధము రాగానే వారు దానిని యుద్ధమని పిలువలేదు. "ఎమర్జెన్సీ" యనిరి. లోకమంతయు ప్రపంచసంగ్రామమున దహింపబడుచుండగా ఐర్లండున మాత్రము ఎమర్జెన్సీ జరిగెను. 1939లో ప్రకటించిన ఆ అత్యవసరస్థితిని రద్దుచేయుటకు వారికి 1976 సెప్టెంబరు వరకు తీరిక దొరకలేదు. రద్దుచేసిన నాడే మరియొకదానిని ప్రకటించిరి. (యుద్ధము లేని ఎమర్జెన్సీని అప్పటికి మనమును అనుభవించుచుంటిమి గనుక వారిని చూచి నవ్వు హక్కు మనకు లేదు.)

ఇక ఆ తాటస్థ్యమును ఆచరించిన విధానము శాస్త్రకారులు అధ్యయనము చేయదగినది. దారితప్పి నేలకు దిగిన వైమానికులను, ఏ పక్షమువారైనను, కుర్రా మైదానమందలి శిబిరమున నిర్బంధించిరి. ఆంగ్లేయులకొక దొడ్డి, జర్మనులకొక దొడ్డి. మాటయిచ్చి సాయంకాలము బయటకు పోయి మద్యశాలలో కూర్చుండి వచ్చుటకు ఉభయులకును అనుమతి కలదు. అయితే పోను పోను ఈ న్యాయమున ఒక సూక్ష్మము పుట్టెను. యుద్ధకార్యముపై వచ్చినవానిని నిర్బంధింపవలెను గాని, శిక్షణకై ఎగురుచు దారితప్పినవానిని నిర్బంధింపనక్కరలేదని తేల్చిరి. ఆపై ఐర్లండున దిగిన మిత్రపక్ష వైమానికులలో శిక్షణ పొందుచుండని వాడొక్కడును లేకపోయెను! అట్టి విద్యార్థులకు భోజనము పెట్టి, ఆంగ్లేయుల చేతనున్న ఉత్తరభాగపు సరిహద్దు వరకు సాగనంపి వచ్చిరి. ఆకాశమున దారితప్పు విద్య జర్మనులకు అబ్బలేదు. పాపము, వారు చివరివరకు దొడ్డిలోనే ఉండిరి.

ఆ దేశపు మాయో మండలమున సముద్రపు టంచున బ్లాక్‌సాడ్ అను పల్లెలో ఆనాడు ఒక తపాలాకార్యాలయము ఉండెను. అందు పనిచేయు మోరీన్ ఫ్లావిన్ అను యువతి గంటగంటకు వాయుభారమాపకమును చూచి, ఆ అంకెలను పైకి పంపుచుండెడిది. ఆ అంకెలు డబ్లిను మీదుగా ఆంగ్లేయులకు చేరుచుండెనని ఆమె ఎరుగదు. 1944 జూను మొదటి దినములలో ఆమె పంపిన అంకెలు తుపాను వచ్చుచున్నదని చెప్పెను. మిత్రపక్ష సేనాపతి ఐసెన్‌హోవరుగారు ఫ్రాన్సు తీరముపై దాడిని 5వ తేదీనుండి 6వ తేదీకి మార్చిరి. చరిత్రలోకెల్ల గొప్ప నౌకాదండయాత్రకు ముహూర్తము పెట్టినది ఒక తటస్థదేశపు పోస్టాఫీసు. ఇది తాటస్థ్యభంగము కాదా యని ఎవరైన అడిగినచో, వానను గూర్చి మాటలాడుట ఐర్లండున రాజకీయము కాదు, కుశలప్రశ్న యని సమాధానము చెప్పవచ్చును.

ఇన్ని విధముల ఒక పక్షమువైపు ఒరిగిన మనస్సునకు ప్రాయశ్చిత్తముగనో యేమో, డి వెలేరాగారు 1945 మే 2వ తేదీన స్వయముగా జర్మను రాయబారి యింటికి పోయి, హిట్లరు మరణమునకు సంతాపము తెలిపి వచ్చిరి. ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు మరణించినప్పుడు శాసనసభను వాయిదా వేసితిమి గనుక, ఇప్పుడు ఈ మర్యాదయు చేయవలెనని ఆయన తర్కము. చావింటికి పోవుట మంచిదే గాని, ఏ యింటికి పోవుచున్నామో వీథి మొదట నిలిచి ఒక్క నిమిషము చూచుకొనవలసినది. త్రాసు సరిగా నిలుచుటయే ధర్మమని నమ్మినవానికి తట్టలలో ఏమున్నదో కనబడదు.

ఇప్పుడు రుక్మి ప్రవేశించును. 1949లో నాటో కూటమి పుట్టినప్పుడు ఐర్లండునకును పిలుపు వచ్చెను. ఉత్తరభాగమందలి ఆరు మండలములు ఆంగ్లేయుల చేత చిక్కియుండగా ఆ ఆంగ్లేయులతోడనే ఒక పంక్తిని కూర్చుండజాలమని విదేశాంగమంత్రి షాన్ మెక్‌బ్రైడుగారు ప్రత్యుత్తరమిచ్చిరి. అనగా దేశవిభజన తొలగించినచో వత్తుమని బేరము. బేరము కుదరలేదు. పిమ్మట మెక్‌బ్రైడుగారు అమెరికావారి గుమ్మమున నిలిచి, కూటమితో పనిలేకుండ మీకును మాకును విడిగా ఒక రక్షణ ఒప్పందము చేసికొందమనిరి. అమెరికావారు మర్యాదగా వలదనిరి. రుక్మికి అర్జునుడు చెప్పినదియు ఇంతకంటె మర్యాదయైన మాట కాదు. ఐర్లండు ఇంటికి వచ్చెను. అటుపిమ్మట ఈ తాటస్థ్యము వారి జాతీయస్వభావమనియు, అనాదిసిద్ధమనియు, పరమపవిత్రమనియు పాఠములు వెలసెను. కోరినది దొరకనప్పుడు వైరాగ్యము పుట్టుట మానవసహజమే గాని, దానికి సన్న్యాసదీక్ష యని పేరుపెట్టుకొనుట కొంచెము అధికప్రసంగము.

ఇంతకును ఈ సన్న్యాసి ఆస్తిపాస్తులెట్టివి? దేశాదాయమున నూరు రూపాయలకు ఇంచుమించు నాలుగణాలు సైన్యముపై వ్యయము చేయుచున్నారు. బహుళజాతి సంస్థల లాభములు ఆ నూరును ఉబ్బించినవని వారు చెప్పుకొందురు; నిజమే గాని, ఉబ్బుతగ్గించి చూచినను ఆ అణాలు రూపాయి కాజాలవు. గగనరక్షణకు జెట్టు యుద్ధవిమానము ఒక్కటియు లేదు. ఉన్నవి పిలాటస్ పీసీ-9 అను పంకాల విమానములు. ఎగురుట నేర్చుకొను విద్యార్థులకై చేసినవి. ప్రయాణికుల జెట్టువిమానమును సైతము వెంటాడి పట్టుకొనజాలవు. వానిని అమ్మినది మరియొక తటస్థదేశమైన స్విట్జర్లండు. ఉనికిని చాటు యంత్రమును కట్టివేసి వచ్చు విమానమును కనిపెట్టుటకు సైనిక రాడారు లేకయే ఇన్ని దశాబ్దములు గడిపిరి. నౌకలు కొన్ని కలవు. నడుపువారు చాలక రేవునకు కట్టివేసిరి. మరి గుర్తుతెలియని విమానము పైన తిరిగినచో ఏమి గతి? ఆంగ్లేయుల యుద్ధవిమానములు వచ్చి చూచుకొనునట్లు రహస్యపు ఒడంబడిక యున్నదని వదంతి. ప్రభుత్వములు ఔనని యనవు, కాదని యనవు. ఎనిమిదివందల యేండ్లు పోరాడి ఎవరిని తరిమిరో, వారి పహరా క్రింద స్వాతంత్ర్యము నిశ్చింతగా నిద్రించుచున్నది.

షానన్ విమానాశ్రయమున అమెరికా సైనికులు దిగి, ఇంధనము నింపుకొని, యుద్ధభూములకు పోవుచుందురు. అది ఆతిథ్యము. అయితే ఐర్లండువారు తమ సైనికులు పన్నెండుగురిని మించి విదేశమునకు శాంతిరక్షణకై పంపవలెనన్నచో ప్రభుత్వము ఒప్పవలెను, శాసనసభ ఒప్పవలెను, ఐక్యరాజ్యసమితి ఆదేశమును ఉండవలెను. దీనికి "మూడు తాళములు" అని పేరు. మూడవ తాళపుచెవి భద్రతామండలియందు, అనగా ఒక గుత్తి మాస్కోలో, ఒకటి బీజింగులో వ్రేలాడుచున్నది. ప్రభుత్వము ఇప్పుడు ఆ మూడవ తాళమును తీసివేయజూచుచుండగా తాటస్థ్యవాదులు గగ్గోలు పెట్టుచున్నారు. పరుల మాటకు లొంగని స్వతంత్రవిధానమునకు పరుల వీటో హక్కే కాపలా యన్నమాట! న్యాయము చెప్పవలెనన్నచో, 1958 నుండియు ఐక్యరాజ్యసమితి కొలువున, విశేషించి 1978 నుండి లెబనానులో, ఆ సైనికులు చూపిన ఓర్పునకును, చేసిన ప్రాణత్యాగమునకును నేను నమస్కరింతును. వారిని గూర్చి పరిహాసము లేదు. పరిహాసమంతయు, వారికి జీతము చాల నీయక వారి కీర్తితో ఉపన్యాసములు అలంకరించుకొను పెద్దమనుష్యులను గూర్చియే.

ఇట్లనగానే కూటమి దళారులు, "అందుచేత నాటోలో చేరుడు" అని చీటీ చాపుదురు. వారి మాట యందును నాకు గురి లేదు. చిన్నదేశపు తాటస్థ్యమును గౌరవించుటయో మానుటయో పెద్దదేశపు సౌకర్యము. బెల్జియమునకు 1839లో మహారాజ్యములన్నియు సంతకములు చేసి యిచ్చిన హామీని 1914లో జర్మనీ చింపివేసెను. అంతమాత్రమున తాటస్థ్యభంగము దుష్టులకే పరిమితమనుకొనరాదు. తటస్థమైన ఐస్లండుపై 1940 మే 10న దిగినవారు ఆంగ్లేయులు. దిగినపిమ్మట క్షమాపణయు చెప్పిరి. సొంత సైన్యమే లేని ఆ ఐస్లండు నాటో స్థాపకసభ్యులలో ఒకటి! కూటమిలో చేరినచో సైన్యము పెంచవలెననియు, చేరకున్నచో సైన్యము అక్కరలేదనియు చెప్పువారు ఈ ఒక్క ద్వీపమును చూచియైన మౌనము వహింపవచ్చును.

సరియైన తాటస్థ్యము ఎట్లుండునో చూడవలెనన్నచో స్విట్జర్లండునకు పోవుదమందురు. భారతయుద్ధమున ఉడుపి రాజు ఏ పక్షమును చేరక ఉభయసేనలకును వంట చేసి పెట్టెనని ఒక జనశ్రుతి కలదు. స్విస్సువారు అట్టివారు; ఎవరి బంగారమునైనను భద్రపరతురు, వంట మాత్రము ఉచితము కాదు. అయితే వారు తమ తాటస్థ్యమునకు తామే వెలయిచ్చుకొనిరి. కొండలు తొలిచి కోటలు కట్టిరి, వంతెనల క్రింద మందుగుండు దట్టించిరి, జనులందరును పట్టి మిగులునన్ని నేలమాళిగలు త్రవ్విరి. అంత చేసియు, 2014 ఫిబ్రవరి 17న తెల్లవారుజామున అపహరింపబడిన ఇథియోపియా విమానము జెనీవాకు వచ్చినప్పుడు దానివెంట వచ్చినవి ఇటలీ, ఫ్రాన్సు విమానములు. స్విస్సు వాయుసేన అప్పట్లో ఉదయము ఎనిమిది గంటలకు గాని కార్యాలయము తెరిచెడిది కాదు. మధ్యాహ్నము భోజనవిరామమును ఉండెడిది. ఆ తరువాత వారు సిగ్గుపడి, ఇరువదినాలుగు గంటల కొలువు ఏర్పరచుకొనిరి. సిగ్గు అను ఈ చిన్న గుణమే విదర్భకును స్విట్జర్లండునకును గల భేదమని నాకు తోచును.

నన్నడిగినచో ఐర్లండు తటస్థముగనే యుండవచ్చును. కూటమిలో చేరి పరుల కయ్యములకు పోవలసిన బాధ్యత ఆ దేశముపై ఎవరును మోపలేదు. కాని తటస్థుడనగా గట్టున నిలిచి చూచువాడు, చూచుటకు కన్నులుండవలెను. ఆ కన్నులు ఇన్నాళ్లకు కొనుచున్నారు. రాడారులకై 2025లో ఒడంబడికలు మొదలుపెట్టిరి. అట్లాంటిక్కు అడుగున ఖండములను కలుపు తంత్రులు ఎన్నియో ఆ దేశపు జలములలోనుండి పోవుచున్నవి; మన పిల్లలు డబ్లిను కొలువులనుండి ఇంటికి పంపు ముచ్చటలును ఏదో ఒక తంత్రి వెంటనే వచ్చుచుండును. ఆ తంత్రుల చుట్టుపట్ల రష్యా నౌక యొకటి మెల్లమెల్లగా తిరుగుచుండుట 2024 నవంబరులో అందరును చూచిరి.

ఇంత నిరాశలోను ఆ దేశమునకు ఒక నౌకావిజయము కలదని చెప్పకపోయినచో నేను పక్షపాతినగుదును. 2022 జనవరిలో రష్యా నౌకాదళము ఐర్లండు నైరృతితీరమునకు దూరముగా, వారి ఆర్థికమండలిలోనే, ఫిరంగుల విన్యాసము చేయబోవుచున్నట్లు ప్రకటించెను. అంతర్జాతీయన్యాయము ప్రకారము అడ్డగించు హక్కు మాకు లేదని ప్రభుత్వము వాపోయెను. అప్పుడు కాసిల్‌టౌన్‌బేర్ రేవునందలి జాలరులు, అది మేము చేపలు పట్టుకొను చోటనియు, మా పడవలు యథాప్రకారము అచ్చటికే పోవుననియు, వచ్చువారు వచ్చి చూచుకొనవచ్చుననియు చెప్పిరి. రష్యా రాయబారి వారిని పిలిచి మాటలాడెను. కొలది దినములకే రష్యా రక్షణమంత్రి షొయిగూ విన్యాసములను ఆ మండలి వెలుపలికి మార్చుచున్నట్లు తెలియజేసెను. నెల తిరుగకముందే యుక్రెయిను పొలములపై ట్యాంకులు నడపిన ఆ రాజ్యము, కొందరు జాలరుల మాటకు త్రోవ తొలగెను. ఈ విజయమునకు ఎవరికిని పతకములు ఇచ్చినట్లు వినలేదు. జాలరులు మరునాడు వలలు సవరించుకొని సముద్రము మీదికి పోయిరి. రేవున నావికులు లేని యుద్ధనౌకలు, కట్టుత్రాళ్లపై మెల్లగా ఊగుచు, వారిని సాగనంపెను.