బిగింపు వైద్యం

కతార్‌లో లీటరు పెట్రోలు సుమారు రెండు రియాళ్లు. 1949 ఆఖర్లో తొలి చమురు ఓడ కదిలిన దేశం అది. అక్కడ ఓ పాత కారు పెట్రోలు పైపు దగ్గర బొట్టు జారితే ఎవరి గుండె జారుతుంది? ‘కారు అన్నాక కారదా’ అని ఒక జోకు వేసి, మనవాళ్లు సనయ్య అని పిలుచుకునే దోహా ఇండస్ట్రియల్ ఏరియాకు బండిని పంపిస్తాడు యజమాని. వెంట ఆజ్ఞ కూడా వెళ్తుంది: ‘కాస్త బిగించండి, చాలు’. పాత కార్ల లోకంలో ఇంత ఖరీదైన పొదుపు మాట మరొకటి లేదు.

ఎందుకంటే, పెట్రోలును ఆపేది బిగింపు కాదు. చాలా పాత కార్లలో లోహపు పైపు కొసను గరాటు మూతిలా విప్పుతారు. దాన్ని ఫిట్టింగ్‌లోని వాలు అంచుకు నట్టు అదిమి పెడుతుంది. ఆ రెండు ముఖాలు సందు లేకుండా కలిస్తేనే పెట్రోలు ఆగుతుంది; మరల పని అదమడం వరకే. మూతి చీలినా, దానిమీద గీత పడినా, 45 డిగ్రీల మూతికి 37 డిగ్రీల ఫిట్టింగ్ తగిలించినా (చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి) పానా తిప్పినకొద్దీ చీలిక పెరుగుతుందే తప్ప కారడం ఆగదు. రాగి వాషరు వేసే ఫిట్టింగులదీ ఇదే సంగతి. ఒకసారి అణిగి గట్టిపడిన వాషరు మళ్లీ ఒదగదు; కొత్తదన్నా వెయ్యాలి, పాతదాన్నన్నా ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. అంత చిన్న రాగి ముక్కకు వెనకాడే మనిషే బంపరు మీది క్రోమ్ తళుకు తగ్గితే నిద్రపోడు.

టేపు చుడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అంటారు. కుళాయి పైపులో నీళ్లను ఆపేది మరలే కాబట్టి అక్కడ టేపు పనిచేస్తుంది. ఇక్కడ మరలకు ఆ బాధ్యతే లేదు. పైగా తెగిన టేపు పోగులు కార్బురేటర్ జెట్‌లో చేరితే, కారే బండి కాస్తా కదలని బండి అవుతుంది. ఒక రకంగా అదీ లీకు ఆగినట్టే.

ఇంకో వాదం కొంచెం తెలివైనది: దోహా ఎండకు ఆ బొట్టు నేలకు చేరకుండానే ఆవిరైపోతుంది కదా, నష్టమేమిటి? ఎండ చేసే సాయం సాక్ష్యాన్ని మాయం చేయడమే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. సెల్లార్ పార్కింగ్‌లో నేలను పట్టుకుని ఒక నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోగల ఇంధనానికి 45 డిగ్రీల మధ్యాహ్నం అంటే పండగే.

మరి మెకానిక్‌కు ఇవన్నీ తెలియవా? తెలుసు. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వెళ్లిన కుర్రాడు ‘సార్, పైపు విప్పి కొస కోసి కొత్తగా మూతి చెయ్యాలి’ అనగలడు. కానీ 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లయిన చోట, లక్షల రియాళ్ల కారున్న మనిషికి ఎదురు చెప్పేంత ధైర్యాన్ని ఏ చట్టమూ పంచిపెట్టలేదు. పాత కార్లకు మాత్రం అక్కడ మర్యాదకు లోటు లేదు. షహానియాలో షేక్ ఫైసల్ మ్యూజియం 1998 నుంచి తెరిచే ఉంది. అక్కడ పాత కార్లు బారులు తీరి ఉంటాయి. కతార్ మ్యూజియమ్స్ వారు ఆటో మ్యూజియం కూడా తలపెట్టారు. అందులో పైపు మూతి విప్పే పనిముట్టుకూ ఓ గాజు పెట్టె కేటాయిస్తే సంతోషమే. ఈలోగా సనయ్యలో ఉన్నదాన్ని ఆ కుర్రాడిని వాడనిచ్చినా సంతోషమే.