ఆట మార్చాలనుకునేవారికి అమూల్య సలహాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) ఆడీ ఆడీ మొహం మొత్తిందా? మంచిదే. బల్ల చుట్టూ కూర్చుని, గేమ్ మాస్టర్ కథ నడుపుతుంటే వీరులమై పాచికలు దొర్లించే ఆటలు లోకంలో బోలెడున్నాయి. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ డి అండ్ డిని అచ్చేస్తే, మరుసటి ఏడాదే అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రీ ‘టనల్స్ అండ్ ట్రోల్స్’ తెచ్చేశాడు. ఇరవై ముఖాల పాచికలూ అవీ ఎందుకు, ఇంట్లో ఉండే ఆరు ముఖాలవి చాలన్నాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా సరుకుకు కొదవ లేదు. కొదవంతా ఎంచుకునే పద్ధతి తెలిసినవాళ్లకే. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా కోపం తెచ్చుకోండి. చల్లని బుర్రతో కొన్న రూల్‌బుక్ ఎవరికీ అచ్చిరాదు. 2023 జనవరిని ఆదర్శంగా తీసుకోండి. డి అండ్ డి యజమాని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఆట నియమాలను ఇతరులూ వాడుకోనిచ్చే, 2000 నుంచి అందరూ వాడుకుంటున్న ఓపెన్ గేమ్ లైసెన్స్‌కు కళ్లెం వేయబోతోందని తెలిపే ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఎనిమిది నెలలు వస్తాయనుకున్న తమ పాత్‌ఫైండర్ ఆట పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయని పోటీ కంపెనీ పైజో ప్రకటించింది. ఆ నెల తిరక్కుండానే విజార్డ్స్ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది. ఈ ఆఖరి సంగతి మాత్రం మీ జట్టు చెవిన వేయకండి. అత్త మీద కోపం దుత్త మీద చూపించబోయే వేళ, అత్త ఎప్పుడో సారీ చెప్పిందని తెలిస్తే దుత్త పగలదు, పుస్తకం రాదు.

జట్టునేమీ అడగకండి. ఒకడికి కత్తియుద్ధం కావాలి, ఒకమ్మాయికి పూటకూళ్లమ్మతో గంటసేపు బేరమాడాలి, ఇంకొకాయన కేవలం మిర్చి బజ్జీల కోసం వస్తాడు. వీళ్లను కూర్చోబెట్టి ‘ఇప్పటి ఆటలో మీకేం నచ్చట్లేదు’ అని అడిగారనుకోండి, ‘పెద్ద యుద్ధం వస్తే రెండు గంటలు పడుతోంది, మన వంతు వచ్చేసరికి నిద్రొస్తోంది’ అని చెప్పేస్తారు. అంత స్పష్టమైన జబ్బు బయటపడితే మందు కూడా చిన్నదే సరిపోతుంది. రాక్షసుల సంఖ్య తగ్గించి ఊరుకోవాల్సి వస్తుంది. కొత్త ఆట కొనే అవకాశం చేజేతులా పోగొట్టుకున్నట్టే.

కొనేటప్పుడు బరువు చూడండి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మూల గ్రంథం 640 పేజీలు. వంతుకు మూడు చర్యలు, నడిచినా కొట్టినా డాలెత్తినా ఒక్కొక్కటి ఖర్చు అనే దాని పద్ధతి అరనిమిషంలో చెప్పేయొచ్చు. చెప్పకండి. మొత్తం 640 పేజీలూ చదివొస్తేనే ఆడనిస్తానని హుకుం జారీ చేయండి. ఆ నియమాలన్నీ ‘ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్’ అనే సైట్‌లో పైజో అనుమతితోనే ఉచితంగా దొరుకుతాయన్న మాట అసలే ఎత్తకండి. ఉచితంగా చదివి, నచ్చితే కొనడం వేరే రకం మనుషులు చేసే పని.

ఇక అసలు కిటుకు. కొత్త ఆటను అచ్చం పాత ఆటలాగే ఆడండి. 1978 నాటి రూన్‌క్వెస్ట్ తెచ్చారా? మీ పదకొండో లెవెల్ విజార్డ్‌ను అందులోకి మార్చి తీరాలని పట్టుబట్టండి. అందులో లెవెళ్లూ లేవు, విజార్డ్ అనే క్లాసూ లేదు, నైపుణ్యాలన్నీ నూటికి ఇంతని శాతాల్లో ఉంటాయి, కత్తి దెబ్బ ఏ కాలికో ఏ చేతికో విడిగా తగులుతుంది. అయినా పట్టు వీడొద్దు. ‘నాకు మొత్తం ఎనభై హిట్ పాయింట్లు ఉండాలి కదా’ అంటూ కాలు తెగినప్పుడల్లా వాదనకు దిగండి.

డంజన్ క్రాల్ క్లాసిక్స్ అయితే మరీ రుచి. అందులో మొదటి సాయంత్రం ఒక్కో ఆటగాడు ముగ్గురు నలుగురు అనామక పల్లెటూరి మనుషులను వెంటేసుకుని గుహలోకి దిగుతాడు. చాలామంది అక్కడే పోతారు. బతికి బయటపడ్డవాడే రేపటి వీరుడు. కాబట్టి ఆ నలుగురికీ తలా మూడు పేజీల పూర్వకథ, చిన్ననాటి ప్రేమ, తండ్రి చేసిన బాకీ రాయించండి. మొదటి గదిలోనే ఇద్దరు పాచికల పాలబడ్డప్పుడు రాసినాయన మొహం చూడాలి! షాడోడార్క్‌లో కాగడా గోడ గడియారం లెక్కన సరిగ్గా గంటసేపు వెలుగుతుంది. ఆ కంగారే ఆ ఆటకు ప్రాణం. మీ జట్టు సగం హైదరాబాద్‌లో, సగం డాలస్‌లో ఉండి వీడియో కాల్‌లో ఆడుతుంటే, అవతలివాడి వైఫై పోయినప్పుడల్లా గడియారం ఆపుతూ పోండి. గుహలో చీకటి పడదు, మీకు తెల్లారుతుంది. డంజన్ వరల్డ్‌లో వంతుల లెక్కే ఉండదు, గేమ్ మాస్టర్ పాచిక ముట్టుకోడు, ఏడు నుంచి తొమ్మిది పడితే పని జరుగుతుంది గానీ ఏదో మూల్యం చెల్లించాలి. మీరు మాత్రం ముందురోజు రాత్రే వంతులు చేర్చండి, గేమ్ మాస్టర్ చేతికి పాచికలివ్వండి, ఏడు పడితే ‘తప్పింది, తర్వాతి వాళ్లు’ అనండి. పదిహేను నిమిషాల్లో మళ్లీ డి అండ్ డి తయారవుతుంది. కాకపోతే ఈసారి అది బాగుండదు.

వార్‌హామర్ ఫాంటసీ గురించి ఒక్క మాట. అందులో పాత్ర వృత్తిని పాచికే తేల్చవచ్చు. యువరాజు కావాలని వచ్చినవాడు చిన్న కుక్కను వెంటేసుకుని ఎలుకలు పట్టేవాడు కావచ్చు. ఆ ఆటను ప్రేమించేవాళ్లంతా ప్రేమించేది సరిగ్గా ఈ బురదనే. మీరు మాత్రం ‘వీరగాథ’ అని చెప్పి పిలిచి, ఎలుకల బోను చేతికివ్వండి.

ఒక్కపూట ఆడి చూద్దాం అనే ప్రతిపాదన వస్తే వెంటనే తుంచేయండి. చాలా ఆటలకు తయారు పాత్రలతో చిన్న పరిచయ సాహసాలు దొరుకుతాయి, మూడు నాలుగు గంటల్లో ఆట స్వభావం బోధపడుతుంది కూడా. అంత తొందరగా బోధపడటం ఆరోగ్యకరం కాదు. మొదటి రోజే మూడేళ్ల క్యాంపెయిన్ ప్రకటించండి. పటం గీయండి, పన్నెండు మంది దేవతల వంశవృక్షాలు పంచండి. ఆట నచ్చలేదని ఎవరైనా గొణిగితే ‘ఇంకా పదో లెవెల్ రాలేదుగా’ అని సముదాయించండి.

ఒక్క ప్రమాదం మిగిలింది. ఎప్పుడూ నోరు మెదపని ఆ బజ్జీలాయన ఓ రోజు ఫోన్ తీసి, కెయిర్న్ అని ఒక చిన్న ఆట ఉచితంగా దొరికిందనీ, బస్సులో చదివేశాననీ, అందులో దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వేయనక్కర్లేదనీ, నేరుగా ఎంత గాయమో చూసుకోవడమేననీ, వచ్చే శనివారం తనే నడుపుతాననీ అంటాడు. మిగతావాళ్లు అప్పటికే ‘సరే’ అనేసి ఉంటారు. మీరు మీ 640 పేజీలు తెరిచి, డాలెత్తడానికి ఎన్ని చర్యలు పడతాయో చదవడం మొదలుపెట్టండి, పైకి.