పబ్జీ పథ్యం

జ్వరానికి పథ్యం ఉంది. పచ్చకామెర్లకు ఉంది. బాలింతకు కారప్పొడి ముద్ద, షుగరున్న పెద్దాయనకు జొన్నరొట్టె ఎప్పట్నుంచో ఖాయమైపోయాయి. రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెల్లారుజాము నాలుగింటిదాకా శత్రువుల్ని వెతుక్కునే వీరుడికి మాత్రం ఇన్నాళ్ళూ మన వైద్యంలో పథ్యం లేకపోయింది. ఆ లోటూ తీరింది. ఫోను తెరిస్తే చాలు, గంటల తరబడి ఆడేవాళ్ళు మత్తు రాకుండా ఏం తినాలో చెప్పేవాళ్ళు వరసకట్టి నిలబడ్డారు. బ్లూబెర్రీలట, అవకాడోలట, సాల్మన్ చేపట. పైన గుప్పెడు వాల్‌నట్లు, ఒక డార్క్ చాక్లెట్ ముక్క.

అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురి గదిలో ఐదుగురుంటారు. మెస్ తొమ్మిదిన్నరకు మూసేస్తారు. అర్ధరాత్రి రెండింటికి స్క్వాడ్‌లో నలుగురికీ ఒకేసారి ఆకలేస్తే సాల్మన్ చేప ఏ వీధిలోంచి ఈదుకుంటూ రావాలి? సందు చివర సగం షట్టరు ఎత్తి ఉన్న కొట్లో దొరికేవి చిప్సు పొట్లం, వేణ్ణీళ్ళు పోస్తే ఉడికే నూడుల్సు, ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు ఎర్ర సీసా. దేశపు ఈ-స్పోర్ట్స్ భవిష్యత్తు ప్రస్తుతానికి వీటి మీదే నిలబడి ఉంది.

నవ్వకండి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడల లెక్కలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలు కూడా ఇచ్చారు. అప్పట్నుంచి మంచం మీద బోర్లాపడుకుని ఫోను నొక్కే కొడుకుని తిట్టడానికి మా ఎదురింటాయన ఒక క్షణం ఆగుతున్నారు. ఏమో, రేపు స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తే?

నిజానికి రాత్రంతా ఆడుతూ మేలుకోవడం మనకు కొత్తేమీ కాదు. శివరాత్రికీ ముక్కోటికీ వైకుంఠపాళి పరిచి, గవ్వలు గలగలలాడిస్తూ తెల్లార్లూ కూర్చున్న వంశాలే మనవి. పెద్దపాము నోట్లో పడ్డవాడికి మత్తు దానంతటదే వదిలేది. ఊళ్ళో సినిమాహాలువాళ్ళు ఆ రాత్రి ఆట మీద ఆట వేసేవాళ్ళు. తేడా ఒక్కటే. వాళ్ళు మేలుకోవడానికి ఆడారు, వీళ్ళు ఆడటానికి మేలుకుంటున్నారు.

ఇంకో తేడా కూడా ఉంది, అసలు కిటుకంతా దాన్లోనే ఉంది. జాగారం నాడు ఉపవాసం. ఆకలిగా ఉన్నప్పుడు మెదడులో ఒరెక్సిన్ అనే రసాయనం చురుగ్గా పనిచేసి మనిషిని నిద్రపోనివ్వదు. కడుపు నిండి, రక్తంలో గ్లూకోజు పెరిగితే అదే ఒరెక్సిన్ మెత్తబడుతుంది. ఆ పేరు మన పెద్దవాళ్ళెవరికీ తెలియదు గానీ, జాగారమూ ఉపవాసమూ ఒకే రోజు పెట్టిన మహానుభావుడికి విషయం మాత్రం తెలిసే ఉండాలి. మనవాళ్ళు అర్ధరాత్రి మేలుకోవడానికి తెప్పించుకునేదేమిటి? ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ. పబ్జీలో గెలిచినవాడికి తెర మీద కోడి విందు ప్రకటిస్తారు కదా, అది గెలిచాక తినాల్సింది. మనవాళ్ళు ముందే తినేసి గెలుపు దగ్గర ఆవలిస్తారు.

ఇక ఎర్ర సీసా దగ్గరికి వద్దాం. పొద్దున్న లేచింది మొదలు మెదడులో అడినోసిన్ పోగవుతూ ఉంటుంది. అది వెళ్ళి తన సీట్లో కూర్చుంటే మనకు నిద్రొస్తుంది. కెఫీన్ చేసేదల్లా, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరి ఆ సీటు ఆపడం. అంతేగానీ అడినోసిన్‌ని బస్సు దింపేయదు. అది ఫుట్‌బోర్డు మీద వేలాడుతూనే ఉంటుంది, ప్రతి స్టాపులోనూ ఇంకో నలుగుర్ని ఎక్కించుకుంటుంది. కర్చీఫు తీసిన మరుక్షణం అందరూ ఒక్కసారి మీద పడతారు. పోనీ ఆ కర్చీఫైనా వేళకు తీస్తారా అంటే అదీ లేదు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే రాత్రి పదకొండింటికి పోసుకున్నదాంట్లో సగం తెల్లవారి నాలుగింటికి కూడా ఒంట్లో కూర్చునే ఉంటుంది. ఆట అయిపోయి, ఫోను పక్కన పెట్టి, దుప్పటి కప్పుకున్నాక అది "ఇంకేంటి కబుర్లు?" అంటుంది.

మన ఆహార భద్రతా సంస్థ నియమం ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. పావు లీటరు సీసాలో ఎంత బలంగా కలిపినా 75కు మించదన్నమాట. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని రాశారు. లెక్క చూసుకోండి. ప్రకటనలో మెరుపులు మెరిసి, బైకు గాల్లోకి లేచి, హీరో కళ్ళు ఎర్రబడే సీసా కంటే, మా ఎదురింటి పిన్నిగారు కొంగుతో ఫిల్టరు పట్టుకుని వంచే గ్లాసెడు కాఫీయే గట్టిది. కాకపోతే ఆవిడకు బ్రాండ్ అంబాసిడర్ లేడు. ఆవిడ కాఫీలో ఏడు చెంచాల చక్కెర కూడా ఉండదు. పేరుమోసిన కొన్ని డబ్బాల్లో మాత్రం పావు లీటరుకి సుమారు అంతే ఉంటుంది.

ఆ తార్నాకవాళ్ళే రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దనీ, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ టీలు ముట్టొద్దనీ, ముడితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదనీ చెప్పారు. మంచి మాటే. కానీ చిప్సుతో పాటు తాగేవాడికి ఏ ఇనుము పోతుంది? సీసా మీద "పిల్లలకు తగదు" అని కూడా రాసి ఉంటుంది, రాయకపోతే చట్టం ఒప్పుకోదు. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, చదవగలిగేంత చూపున్నది ఎనిమిదో తరగతి పిల్లలకే. వాళ్ళు చదవరు. చదివే తాతగారికి కనిపించవు.

తాతగారంటే గుర్తొచ్చింది. 2004కు ముందు ఒలింపిక్ క్రీడాకారులకు కెఫీన్ మీద హద్దు ఉండేది. మూత్రంలో మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు దాటితే డోపింగ్ కింద లెక్క. ఆ నిబంధన మా పేటలో అమలుచేసి ఉంటే రిటైరైన మాస్టార్లందరి మీదా జీవితకాల నిషేధం పడేది. ఆ ఏడాది నుంచి దాన్ని నిషిద్ధ జాబితాలోంచి తీసేశారు. అరుగు మీద చదరంగం నిరాటంకంగా సాగుతోంది.

ఆటలోపల ఎనర్జీ డ్రింకు మరీ సుఖం. పాడుబడిన ఇంట్లో నేల మీద దొరుకుతుంది, డబ్బులక్కర్లేదు, తాగడానికి నాలుగు సెకన్లు, వెంటనే ఒంట్లో బలం. బయటి సీసాకు ఆ గుణాలేవీ లేవు. అయినా లోపల చూసిందే బయట కొంటారు. పాశ్చాత్యులకు ఈ సంగతి ఎప్పుడో తెలిసింది. 2007లోనే ఒక యుద్ధపు ఆట విడుదలకు జోడీగా గేమ్ ఫ్యూయల్ పేరిట కూల్‌డ్రింకు దింపారు. 2020 డిసెంబరులో కోడి వేపుళ్ళ కంపెనీ ఒకటి, కంప్యూటరు భాగాలు చేసేవాళ్ళతో కలిసి, ముందువైపు సొరుగులో కోడి ముక్కలు వేడిగా ఉండే గేమింగ్ యంత్రాన్ని ప్రకటించింది. యంత్రం ఆడుతున్నప్పుడు పుట్టే వేడితోనే ముక్కలు చల్లారకుండా ఉంటాయట. మన ల్యాప్‌టాపులకు ఆ సొరుగు అవసరం లేదు. మే నెలలో విజయవాడలో మూత మీదే దోసె పోసుకోవచ్చు.

సరే, విదేశీ సరుకు వదిలేద్దాం. మన పిండివంటల్లో ఆటకు పనికొచ్చేదేదో పరీక్షిద్దాం. అర్హతలు: ఒక్క చేత్తో నోట్లోకి పోవాలి, వేళ్ళకు అంటకూడదు, మెదడుని పడుకోబెట్టకూడదు.

పులిహోర మొదటి మెట్టులోనే పోయింది. నూనె వేలు అద్దం మీద జారి, తుపాకీ శత్రువుని వదిలేసి ఆకాశాన్ని కాలుస్తుంది. ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు, మత్తు వదలగొట్టడంలో దానికి సాటి లేదు గానీ, కలిపిన చేత్తో మరుపున కన్ను నులుముకుంటే ఆ రాత్రికి యుద్ధం సమాప్తం. తాపేశ్వరం కాజా పాకం స్పేస్‌బార్ కిందికి దిగితే ఆ మీట మళ్ళీ పైకి లేవదు, ఆటలో సైనికుడు ఎగురుతూనే ఉంటాడు. ఆత్రేయపురం పూతరేకు ఫ్యాను కింద విప్పినవాడికి ఒక సలహా: కీబోర్డు తలకిందులు చేయకండి, లోపల ఉన్న నెయ్యి కూడా కదులుతుంది. సున్నుండ ఒక్క చేతికి చక్కగా ఇమిడే మాట నిజమే, కానీ అంగిలికి అతుక్కున్నాక "ఒరే, వెనకాల ఉన్నాడ్రా" అనే నాలుగు ముక్కలు నోరు దాటి రావు. వచ్చేసరికి వెనకాల ఉన్నవాడు ముందుకొచ్చేస్తాడు. తెలంగాణ సకినాలు బాగా నెగ్గుకొచ్చాయి. పొడిగా ఉంటాయి, చిటికెన వేలికి తగిలించుకోవచ్చు. వాటికీ జంతికలకూ ఉన్న లోపమల్లా చప్పుడు. ఈ ఆటలో అడుగుల చప్పుడే ప్రాణం. మైకులోంచి కరకర వినబడగానే మిగతా ముగ్గురూ ఎవడో వస్తున్నాడని బాత్రూములోకి దూరతారు. తినేవాడికి మాత్రం తన మీద ఎవరూ దాడి చేయకపోవడం వింతగా ఉంటుంది.

చివరికి నిలబడినవి వేయించిన వేరుశెనగపప్పు, పుట్నాలు, చిన్న బెల్లం ముక్క, చెంబెడు మజ్జిగ. వంద గ్రాముల పల్లీల్లో పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులు, పుట్నాల్లో ఇరవైకి అటూ ఇటూ. మెల్లగా అరుగుతాయి, చిప్సులా దబాయించి తినిపించవు. మజ్జిగకు ఇంకో గుణం ఉంది, ఎవరూ ప్రచారం చేయరు గానీ నా దృష్టిలో అదే ముఖ్యం: గంటకోసారి మనిషిని కుర్చీలోంచి లేపి పెరటివైపు నడిపిస్తుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది కాబట్టి ఆ నడక చిన్నదేమీ కాదు. అయితే పుట్నాల పొట్లం ధర ఎర్ర సీసా కంటే తక్కువ. దాని మీద మెరుపు బొమ్మ వేసే ఖర్చు ఎవడు పెడతాడు?

అసలు ఏం తిన్నా మేలుకునే మనిషి ఎలా ఆడతాడన్నది వేరే ప్రశ్న. వరసగా 17 గంటలు మేలుకున్నవాడి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు తేల్చారు. 24 గంటలైతే 0.10. మన రోడ్ల మీద బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03. పొద్దున్న ఏడింటికి లేచి కాలేజీకి వెళ్ళొచ్చినవాడు అర్ధరాత్రికల్లా ఈ హద్దు దాటేసినట్టే. ఆటలో జీపుని చెట్టుకి గుద్ది స్క్వాడ్ మొత్తాన్ని చంపిన డ్రైవరు "నెట్ స్లోరా మామా" అంటాడు గానీ, నెట్టుకు ఆ పాపం లేదు. ఆటలోని ఎరాంగెల్ దీవి వంతెన మీద ఎలాగూ తుపాకులతో కాపు కాస్తూనే ఉంటారు, పక్కనే హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులను కూడా ఒక గొట్టంతో నిలబెడితే సగం జీపులు అక్కడే ఆగిపోతాయి.

పందేనికి మేలుకునేవాళ్ళు అమెరికా కుర్రాడు ర్యాండీ గార్డ్‌నర్ కథ వినాలి. 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1964 జనవరిలోకి, 264 గంటలు నిద్రపోలేదు. పదిహేడేళ్ళవాడు, స్కూలు సైన్స్ ప్రదర్శన కోసం చేసిన పని. మేలుకునే మాత్రలేవీ మింగలేదు. కునుకు పట్టకుండా పక్కన ఉన్న నిద్రా పరిశోధకుడు అతనితో పిన్‌బాల్ ఆడాడు, కుర్రాడే గెలిచాడు కూడా. మనవాళ్ళు ఇక్కడిదాకా విని ఈల వేస్తారు. ముసలితనం దగ్గరపడ్డాక అదే మనిషికి ఏళ్ళ తరబడి నిద్రే పట్టలేదన్న భాగం చెప్పేలోపు లాబీలో మ్యాచ్ మొదలైపోతుంది. గిన్నిస్‌వాళ్ళు మాత్రం 1997లోనే ఈ రికార్డులు లెక్కపెట్టడం మానేశారు.

మా ఎదురింటి పిన్నిగారికి ఇవేవీ తెలియవు. ఆవిడకు తెలిసింది కొడుకు రాత్రి అన్నానికి రావడం లేదని.

"అమ్మా, ఇది ఆన్‌లైను, మధ్యలో పాజ్ కొట్టడం కుదరదు."

"అన్నానికీ పాజ్ లేదురా. చల్లారిపోతుంది."

ఈ వాదన ఏడాదిగా నడుస్తోంది. మొదట్లో ఆవిడ ప్లేటు పట్టుకెళ్ళి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, వాడు కళ్ళు తిప్పకుండా నమిలాడు. తర్వాత బోర్న్‌వీటా గ్లాసు, ఆ తర్వాత ఎవరో చెప్పారని నానబెట్టిన బాదంపప్పు తొక్క తీసి మరీ. మొన్న రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే వాడు రెండో ఎర్ర సీసా తాగి, కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చున్నాడు. ఆవిడ కోప్పడలేదు.

"నిద్ర రావడం లేదా నాన్నా?"

"అస్సల్లేదమ్మా. తెల్లార్లూ ఉండగలను."

"మంచిదైంది. కొత్త చింతపండు వచ్చింది, మూడు కిలోలు. పిక్కలు తీసిపెట్టు, పొద్దున్నకి అయిపోతే చాలు."

వాడు ఆవలించడానికి మూడు సెకన్లు పట్టింది. ఆటలో ఎనర్జీ డ్రింకు పనిచేయడానికి పట్టేదానికంటే ఒక సెకను తక్కువ.