సమాచార దాతా సుఖీభవ

సుప్రభాతంతో నిద్రలేచే భాగ్యం తిరుమల వేంకటేశ్వరస్వామి తరవాత నాకే దక్కింది. పొద్దున ఐదూ యాభైకి దిండు కింద ఫోను గుర్రుమంటుంది. తీసి చూస్తే మా అమ్మాయి బడివారు. "డియర్ పేరెంట్, గుడ్ మార్నింగ్." స్వామికైనా ధనుర్మాసంలో సుప్రభాతం ఉండదు, తిరుప్పావై ఉంటుంది. నాకు అన్ని మాసాలూ సుప్రభాతమే, ఆదివారాలతో సహా.

అమ్మాయి ఏడో తరగతి. హైదరాబాదులో నాలుగంతస్తుల బడి. పేరు చెప్పను, దిష్టి తగులుతుంది. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమకవి శతకం నిండా తిట్టినట్టే తిట్టి పొగిడాడు. నాకంత విద్య లేదు. ఉన్నది ఉన్నట్టు పొగడటం ఒక్కటే వచ్చు.

ఆమధ్య ఒక్కరోజే పదకొండు సందేశాలు వచ్చాయి. మేజోళ్లకు రెండు గీతలే ఉండాలి, మూడు ఉండకూడదు. పద్నాలుగో నంబరు బస్సు ఐదు నిమిషాలు ఆలస్యం. బడి స్థాపకుల పుట్టినరోజు. ఎవరో అబ్బాయికి అబాకస్‌లో కప్పు. రాత్రి తొమ్మిదీ పదికి మాత్రం అసలైనది వచ్చింది: రేపు 'పర్పుల్ డే', పిల్లలు ఊదారంగు బట్టల్లో రావాలి. తొమ్మిదీ పదికి ఊదారంగు ఎక్కడ పుడుతుంది? నాలాంటి తండ్రులు మరో ఆరుగురు ఒకే దుకాణంలో తగిలారు. దుకాణదారు షట్టరు సగం దించి, "మీదీ ఆ బడేనా సార్?" అని అడిగి మళ్లీ ఎత్తాడు. మూడేళ్లుగా ఒకే గ్రూపులో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోని వాళ్లం, ఊదా చొక్కాల గుట్ట ముందు పరిచయాలు చేసుకున్నాం. ఈ పుణ్యం బడివారిదే.

ఎందుకంటే గ్రూపులో మేం మాట్లాడుకోం. మాట్లాడే వీలు లేదు. అడ్మిన్లు మాత్రమే పంపగలరు, మేం బొటనవేలు గుర్తో దండం గుర్తో పెట్టగలం. శివాలయంలో నందికి ఇంతకన్నా స్వేచ్ఛ ఏముంది? చెవులు నిక్కబొడుచుకుని కూర్చోవాలి, స్వామినే చూస్తూ ఉండాలి. ఒకసారి ఎవరో తండ్రి పొరపాటున ఏడుపు ముఖం పెట్టాడు. సాయంత్రానికల్లా "పాజిటివ్ రియాక్షన్లు మాత్రమే" అని సందేశం వచ్చింది. అప్పటినుంచి మా గ్రూపులో దుఃఖమన్నది లేదు.

ఫీజు గురించి రాసేటప్పుడు వారి భాషకు వచ్చే లాలిత్యం ప్రబంధ కవులకు కూడా రాదు. మొదటిది 'జెంటిల్ రిమైండర్'. రెండోదీ జెంటిలే. మూడోది కూడా జెంటిలే గానీ, దాని కింద బస్సు పాసు ఆగిపోయే తేదీ ఉంటుంది. టర్మ్ ఫీజు ఒక్కరోజు దాటితే మా అమ్మాయి పేరు, సెక్షను, రోల్ నంబరు, మా ఇద్దరి ఫోన్లు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వారికి గుర్తొస్తాయి. పిల్లమీద అంత శ్రద్ధ మేనమామలకు కూడా ఉండదు.

మా నాన్నకు ఈ వైభోగం లేదు. నేను చదివింది ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఏడాదికి మూడుసార్లు ప్రోగ్రెస్ కార్డు, దానిమీద సంతకం, అంతే. ఒకసారి సంతలో నాన్న వంకాయలు బేరమాడుతుంటే లెక్కల మాస్టారు సైకిలు దిగి, "మీవాడు రెండ్రోజులుగా దిగాలుగా కూచుంటున్నాడండీ, ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగేశారు. ఎంత మోటు పద్ధతి! లాగిన్ లేదు, టోకెన్ లేదు, నలుగురిలో అడగటమే. అప్పుడు మా నాయనమ్మ మంచంలో ఉంది. నాన్న సంచి కింద పెట్టి ఆయనతో పావుగంట మాట్లాడాడు. ఆ పావుగంటలో వంకాయలు వేరేవాళ్లు పట్టుకుపోయారు. వ్యవస్థ లేకపోతే నష్టం ఇలాగే ఉంటుంది.

ఇప్పుడంతా యాప్. అందులో 'వెల్‌బీయింగ్' అని ఒక పేజీ ఉంది. పిల్ల ఆ రోజు ఎలా ఉందో రంగుల్లో చూపిస్తుంది: ఆకుపచ్చ అయితే ఆనందం, పసుపు అయితే పర్వాలేదు, ఎరుపు అయితే దిగులు. జూన్‌లో బడి తెరిచినప్పటినుంచి మా అమ్మాయికి అన్నీ ఆకుపచ్చలే. మాగాణిలా ఉంటుంది ఆ పేజీ. ఈ నవంబరు మొదటివారంలో మూడు రోజులు జ్వరంతో ఇంట్లో పడుకుంది. ఆ మూడు రోజులూ బడిలో ఆనందంగానే ఉంది. హాజరు పట్టీలో లేకపోయినా ఆనందంలో ఉంది. యోగులకు కూడా కష్టమైన స్థితి.

ఆ జ్వరం సంగతే చెప్పాలి. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షన్ అని మందులు రాసి, "నీళ్లు తాగవామ్మా?" అని అడిగింది. అమ్మాయి నేల చూపులు చూసింది. నేను తేల్చి చెప్పేశాను: "తాగుతుందండీ, మా దగ్గర ఆధారం ఉంది." ఫోను తీసి గ్రూపులో వచ్చిన ఫొటో చూపించాను. బడిలో రోజుకు మూడుసార్లు నీళ్ల గంట కొడతారు, 'వాటర్ బెల్'. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు వరసగా నిలబడి ఒకేసారి సీసాలు ఎత్తిన ఫొటో. మూడో వరసలో మా అమ్మాయి, తల వెనక్కి వాల్చి, నీలం సీసా పెదాలకు ఆనించి. డాక్టరమ్మ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తరవాత ఫోను నా చేతిలో పెట్టింది.

సీసాకు మూత ఉంది.

ఎంత ముచ్చటైన ఫొటో! అప్పటికి అరవై బొటనవేళ్లు పడ్డాయి దానికి, అందులో ఒకటి నాదే.

మూత ఎందుకు తీయలేదన్న సంగతి యాప్‌లో దొరకలేదు. గేటు దగ్గర ఆయమ్మ చెప్పింది. ఆమెకు యాప్ లేదు, గ్రూపులో లేదు, చేతిలో బటన్ల ఫోను. "సార్, పాప బాత్రూంకు పోతలేదు. రెండో అంతస్తుల తలుపుకు బేడం లేదు గదా. ఇదివరకు ఆమె దోస్తు పిల్ల బయట తలుపు పట్టుకునేది, ఈమె ఆమెకు పట్టుకునేది. ఆ పిల్లను పైకి పంపినకాడి నుంచి నీళ్లు తాగుడే బంద్ చేసింది. టిఫిను కూడా ఒక్కతే కూసోని తింటది. మేడంకు చెప్పిన. పెద్ద సార్‌కు చెప్త అన్నది." ఐదు నెలల ఆకుపచ్చ పేజీలో లేని సంగతి నలభై సెకన్లలో అయిపోయింది. నాగరికత తెలియని మనిషి, నడిరోడ్డు మీద చెప్పేసింది.

ఆ స్నేహితురాల్ని పైకి పంపడం గురించి మాత్రం బడివారు దాచారనడానికి వీల్లేదు. పోస్టరు వేసి మరీ చెప్పారు. అక్టోబరు పరీక్షల మార్కులు చూసి ఏడో తరగతిని రెండుగా విడగొట్టి, ఎక్కువ వచ్చినవాళ్లను ఐఐటీ ఫౌండేషన్ సెక్షనుగా నాలుగో అంతస్తుకు ఎక్కించారు. పన్నెండేళ్ల పిల్లల ఫొటోలు, కింద మార్కులు, చుట్టూ బంగారు రంగు అంచు. తక్కినవాళ్ల గురించి ఏమీ వేయలేదు. అంచు ఖర్చు కలిసొచ్చింది.

ఇక్కడ సుప్రీంకోర్టును కాస్త మందలించాలి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న తీర్పు ఇస్తూ కోర్టు విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు పెట్టింది. అది చదువుతుంటే నాకు వేళాకోళం ఆడబుద్ధి కాలేదు. మార్కులను బట్టి పిల్లలను విడగొట్టడం వీలైనంతవరకు మానాలని అందులో ఉంది. ఆ 'వీలైనంతవరకు' దగ్గరే మా బడివారికి వీలుపడలేదు. నూరుమంది గానీ అంతకు పైగా గానీ పిల్లలున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరు ఒకరైనా ఉండాలని కూడా ఉంది. మా బడిలో ఇద్దరున్నారు. గేటు పక్క ఏసీ గదిలో కూర్చుంటారు, అడిగినవాళ్లకు కాఫీ కూడా ఇప్పిస్తారు. గది తలుపు మీద 'అడ్మిషన్ కౌన్సెలర్' అని ఉంటుంది. మనసు బాగాలేని తండ్రి వెళ్లినా ఓపిగ్గా కూర్చోబెట్టి తమ్ముడికి సీటు చూపిస్తారు.

మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు అందరికీ కనిపించేలా రాయాలని కూడా కోర్టువారు అన్నారు. రాశారు. పెద్ద అక్షరాలతో, మెట్ల పక్క గోడమీద. తరవాత కప్పులు పెరిగి అక్కడ ఒక అద్దాల బీరువా వచ్చింది. ఇప్పుడు మొదటి మూడంకెలు బాగా కనబడతాయి. మిగతా రెండూ అబాకస్ కప్పు వెనకున్నాయి. నాకు బయట తెలిసింది కాబట్టి సరిపోయింది: 14416.

తల్లిదండ్రుల మాట వినే బాధ నుంచి మా బడిని చట్టమే కాపాడింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. ఆ గొడవ సర్కారు బడులకు, ఎయిడెడ్ బడులకు. సాయం పుచ్చుకోని ప్రైవేటు బడికి అది అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న సర్కారు బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టారు. మా బావమరిది వాళ్ల ఊళ్లో వెళ్లి, పిల్లల పక్కన కూర్చుని అన్నం తిని వచ్చాడు. అక్కడ ఒకావిడ లేచి మొదట అడిగింది బాత్రూముకు నీళ్లేవని అట. మైకులో. చెప్పుకోవడానికి వేరే సంగతే దొరకలేదు కాబోలు.

మా సమావేశం అలాంటిది కాదు. మనిషికి నాలుగు నిమిషాలు. టోకెను పట్టుకుని వెళితే క్లాస్ టీచరు ట్యాబ్ చూస్తూ, "షీ ఈజ్ గుడ్ సార్, షీ కెన్ డూ బెటర్" అంది. గడియ సంగతి ఎత్తాను. ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "నాకు తెలుసు సార్. పేరెంట్స్‌కి మేం సొంతంగా ఫోన్ చేయకూడదు, అంతా యాప్‌లోనే" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖంలో రంగు ఆకుపచ్చ కాదు. ఆ పేజీ టీచర్లకు లేదు.

యాప్‌లోనే పెట్టాను. ఫిర్యాదు ఏ రకమో ఎంచుకోమంది: ఫీజు, బస్సు, యూనిఫాం, పుస్తకాలు, ఐడీ కార్డు, ఇతరములు. మా అమ్మాయి ఇతరములలో చేరింది. వంద అక్షరాల్లో చెప్పాలంటే గడియ పట్టింది, నీళ్లు పట్టాయి, స్నేహితురాలు పట్టలేదు. నాలుగు నిమిషాల్లో జవాబు: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు?" ఐదూ ఇచ్చాను. అంత వేగంగా మా ఇంట్లో నేనే ఏ గడియా బిగించలేను.

పరిష్కరించింది నిజమే. ఆయమ్మ. ఎవరిదో జారిపోయిన ఎర్ర రిబ్బను తలుపు కన్నంలోంచి లాగి లోపల మేకుకు చుట్టుకునేలా కట్టింది. అమ్మాయి ఇప్పుడు సగం సీసా తాగి వస్తోంది.

నవంబరు 18 రాత్రి తొమ్మిదింటికి సందేశం వచ్చింది. రేపు ప్రపంచ టాయిలెట్ దినోత్సవం, ప్రతి విద్యార్థీ శుభ్రత మీద చార్టు తేవాలి, ఫొటోలు గ్రూపులో పెడతాం, పేరెంట్స్ సహకరించగలరు. చార్టు కోసం వెళితే దుకాణంలో ఊదా చొక్కాల మిత్రులంతా కనిపించారు. పదింటికి అమ్మాయి హాల్లో బోర్లా పడుకుని తలుపు బొమ్మ గీసింది. చెక్కకు చారలు, పైన 'బాలికలు' అని బోర్డు, లోపలివైపు నిగనిగలాడే పెద్ద గడియ.

"మీ బడిదా?" అన్నాను.

"కాదు నాన్నా. మా బడిదైతే రిబ్బను గీయాలి. ఎరుపు స్కెచ్ అయిపోయింది."