వినకముందే తీర్పు

ర్యాప్ అభిమానులకున్న వేగం మన కోర్టులకుంటే పెండింగ్ కేసన్న మాటే ఉండదు. 2024 మే 3 రాత్రి ర్యాపర్ డ్రేక్ తన ప్రత్యర్థి కెండ్రిక్ లమార్ మీద ‘ఫ్యామిలీ మ్యాటర్స్’ వదిలాడు. ఏడున్నర నిమిషాల పాట. గంట తిరక్కముందే కెండ్రిక్ ‘మీట్ ది గ్రాహమ్స్’తో విరుచుకుపడ్డాడు. మొదటి పాట పూర్తిగా విన్నవాళ్లెందరో తెలీదు గానీ, రెండోది రాగానే తీర్పు మాత్రం వచ్చేసింది: పోరు ఏకపక్షం, డ్రేక్ పని ఖతం.

అంతకు నెల ముందు ఇంకో ర్యాపర్ జె. కోల్‌కీ ఇదే ధర్మాసనం. ఏప్రిల్ 5న కెండ్రిక్ మీద పాట వదిలి, 7న రాలీ నగరంలో తన సొంత ఫెస్టివల్ వేదిక మీదే క్షమాపణ చెప్పుకున్నాడు పాపం. పిరికివాడన్నారు. మే నెల వచ్చేసరికి మహా తెలివైనవాడన్నారు. రెండుసార్లూ అప్పీలుకు వీల్లేని తీర్పే.

అసలు తమాషా అంకెలది. పదేళ్లుగా డ్రేక్ అభిమానులు ఏ వాదనకైనా బిల్‌బోర్డ్ చార్టే చూపించారు. కవిత్వం సంగతెత్తితే స్ట్రీమ్‌ల లెక్క విసిరేవారు. తీరా కెండ్రిక్ పాట ‘నాట్ లైక్ అస్’ నంబర్ వన్ అయ్యేసరికి అంకెలన్నీ బాట్ల మాయ అయిపోయాయి! ఆ ఏడాది నవంబర్‌లో డ్రేక్ కూడా అదే ఆరోపణతో కోర్టు మెట్లెక్కి, జనవరిలో ఆ పిటిషన్ వెనక్కి తీసుకున్నాడు. అటువైపు, అంకెలు పాప్ గాయకుల యావ అని ఈసడించిన కెండ్రిక్ భక్తులు రాత్రికి రాత్రే గణాంక నిపుణులయ్యారు. అయిదు గ్రామీలు, సూపర్ బౌల్ ప్రదర్శనకి 13 కోట్ల పైచిలుకు ప్రేక్షకులు అంటూ ఒకటే అప్పజెప్పడం. మొదటిరోజు కలెక్షన్ల కోసం జుట్లు పట్టుకునే మన హీరోల అభిమానులకు వీళ్లు కొత్తవాళ్లేం కాదు.

ఇక ఆరోపణలు. డ్రేక్‌కి దాచిపెట్టిన కూతురుందని ఒకడు, కెండ్రిక్ ఇంట్లో చెయ్యి చేసుకున్నాడని ఇంకొకడు. ఇద్దరూ ఒక్క రుజువూ బయటపెట్టలేదు. అభిమానులకి రుజువుతో పనేముంది? ‘నాట్ లైక్ అస్’కి మస్టర్డ్ కట్టిన బీటు మీద చిందేయడానికి వీలైన నింద నిజం, వీల్లేనిది అబద్ధం. ఈ నిందల మీద డ్రేక్ వేసిన పరువునష్టం దావాను 2025 అక్టోబర్‌లో కొట్టేస్తూ జడ్జిగారు అన్నదేమిటంటే, ఇంగితమున్న శ్రోత ఎవరూ ఇలాంటి పోరులోని మాటల్ని వాస్తవాలుగా తీసుకోరని. ఏడాదిన్నరగా వాటిని వాస్తవాలుగానే మోస్తున్న జనం ఆ తీర్పుకి ఈలలేశారు. జడ్జిగారు కొట్టేసింది డ్రేక్ దావానే అనుకున్నారు. తమ ఇంగితాన్ని కూడా అని ఎవరికీ తట్టలేదు.

నా మటుకు గెలిచింది కెండ్రిక్కే. ‘యుఫోరియా’ పాటలో బీటు మారినప్పుడల్లా గొంతునీ కోపాన్నీ కూడా మార్చిన పనితనం అందుకు చాలు. ‘ఫ్యామిలీ మ్యాటర్స్’ కూడా ఆషామాషీ పాటేం కాదు గానీ, ఆ రాత్రి దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇంత చెప్తే కెండ్రిక్ అభిమాని నన్ను మెచ్చుకోలేదు సరికదా, అనుమానంగా చూశాడు:

“బీటు సంగతి సరే, గ్రామీలెన్నో చెప్పవేం?”