‘ప్రియమైన కస్టమర్’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

నెలకోసారి ఫోనులో అవతరించే నాలుగు పాదాల రచన ఇది. కర్త ఎవరో తెలియదు. దీనికి తోడు వచ్చే బిల్లు అడుగున “ఇది కంప్యూటర్ తయారుచేసినది, సంతకం అక్కర్లేదు” అని ఉంటుంది కనుక అపౌరుషేయమని పెద్దలు తేల్చారు. ఈ వాఙ్మయం తెలుగువారికి కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. అయినా దీనికి ఇంటిల్లిపాదీ చదువుకోదగ్గ టీక ఒకటి లేని లోటు ఉండిపోయింది. మా బావమరిది దీన్ని నెలనెలా పారాయణ చేస్తాడు. మూడో పాదమంటే అతనికి మక్కువ. అతని కోసమే ఈ వ్యాఖ్య.

మూలం

ప్రియమైన కస్టమర్, మీ కార్డు బిల్లు తయారైంది.
మొత్తం బాకీ రూ. 20,000.
కనీస బాకీ రూ. 1,000. గడువు ఏప్రిల్ 30.
ఇప్పటికే చెల్లించి ఉంటే విస్మరించండి.

ప్రతిపదార్థం

ప్రియమైన = బాకీ పడుటచేత ఇష్టుడవైన; కస్టమర్ = ఓ కార్డుదారుడా!; మీ = నీయొక్క (గౌరవార్థే బహువచనం, రికవరీ ఏజెంటు ఫోను చేసేవరకు); కార్డు బిల్లు = గీకినవన్నీ గుర్తుచేయు పట్టిక; తయారైంది = సిద్ధమైనది; మొత్తం బాకీ = నిజముగా ఈయవలసిన సొమ్ము; రూ. 20,000 = ఇరువది వేలు (ఏప్రిల్ 5న కొన్న ఫ్రిజ్జు అని భావం); కనీస బాకీ = మన బంధము తెగకుండుటకు చాలినంత సొమ్ము; రూ. 1,000 = అందులో నూటికి ఐదు వంతులు; గడువు = ఆపైన దయ తగ్గు దినము; ఏప్రిల్ 30 = స్పష్టము; ఇప్పటికే చెల్లించి ఉంటే = ముందుగానే ఇచ్చినయెడల; విస్మరించండి = (దీని అర్థం గూఢం, చివర చెప్పబడును).

తాత్పర్యం

ఓ కార్డుదారుడా! నీవు నాకు ఇరవై వేలు ఈయాలి. అంతా ఇచ్చావా, వడ్డీ మాట ఎత్తను. వెయ్యి ఇచ్చావా, మనం చిరకాలం కలిసి ఉందాం.

పూర్వపక్షం

“కనీసం కడితే జరిమానా పడదు, సిబిల్ స్కోరు చెడదు. బ్యాంకే ఇంత చాలని చెబుతుంటే మధ్యలో మీకేం బాధ బావగారూ?” అని బావమరిది ఆక్షేపణ.

సిద్ధాంతం

జరిమానా పడని మాట నిజం. వడ్డీ పడని మాట నిజం కాదు. మొత్తం కట్టనివారికి వడ్డీ గడువు తేదీ నుంచి కాక, కొన్న తేదీ నుంచే మొదలవుతుంది. లెక్క చూడండి. నెలకు 3.75 శాతం, అంటే ఏడాదికి 45. ఏప్రిల్ 5 నుంచి 30 దాకా ఇరవై వేల మీద 25 రోజులకు సుమారు 616 రూపాయలు. వెయ్యి కట్టాక, మే 10న తరువాతి బిల్లు వచ్చేదాకా పంతొమ్మిది వేల మీద పది రోజులకు 234. ఈ 850 మీద 18 శాతం జీఎస్టీ 153. వెరసి 1,003 పైచిలుకు. బావమరిది వెయ్యి కట్టాడు, బాకీ మూడు రూపాయలు పెరిగింది. ఫ్రిజ్జు మాత్రం ఒక నెల పాతబడింది.

ఇంకొక సూక్ష్మం. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని రోజులు ఉండవు. మే నెలలో ఆ కార్డుతో తాగిన టీకి కూడా తాగిన రోజు నుంచే వడ్డీ.

విశేషాలు

వడ్డీ విచారం: ‘3.75 శాతం’ అంటే బావమరిదికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దాన్నే మన ఊరి మాటలోకి తిప్పితే ‘మూడు రూపాయల ముప్పావలా వడ్డీ’. ఇదే మాట ఊళ్లో ఎవరైనా అంటే, నోటు రాయకుండానే లేచి వచ్చేసేవాడు. మనుస్మృతి వసిష్ఠుడి పేరు మీద నెలకు నూటిలో ఎనభయ్యో వంతు వడ్డీ చెప్పింది. అంటే రూపాయి పావలా. అది తాకట్టున్న అప్పుకని యాజ్ఞవల్క్యుడు విడమరిచాడు. ఆ స్మృతి మీది మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. అప్పుల ధర్మం అప్పుచేసేవాడి భాషలో ఉండాలన్న మర్యాద మనకు అంత పాతది. కార్డు వడ్డీ వసిష్ఠుడి వడ్డీకి సరిగ్గా మూడింతలు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టివేసింది గనుక, ఇప్పుడు కాపాడవలసినది మన లెక్కే.

సంధి: గడువు, జరిమానాల నడుమ జరిగేది జరిమానాసంధి. 2022 నాటి రిజర్వు బ్యాంకు సూత్రం ప్రకారం గడువు తరువాత మూడు రోజుల వరకు ఇది నిషేధం, ఆపైన నిత్యం. అదీ మిగిలిన బాకీని బట్టే వేయాలి, మొత్తం బిల్లును బట్టి కాదు. మూడు రోజుల వరం జరిమానాకూ సిబిల్‌కూ మాత్రమే. వడ్డీకి కూడా ఉందనుకోవడం అపార్థం.

అవ్యయం: క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో తీసిన నగదు. ఏ విభక్తీ, ఏ గడువూ దీనికి అంటవు. తీసిన రోజు నుంచే వడ్డీ. పైగా చాలా బ్యాంకుల్లో 2.5 శాతం రుసుము, తక్కువలో తక్కువ 500. వెయ్యి తీసినా ఐదొందలే.

అలంకారం: ‘ప్రియమైన’ అనేచోట వ్యాజస్తుతి. కార్డుతో వచ్చే పుస్తకంలో ‘అతి ముఖ్యమైన నిబంధనలు’ అన్న శీర్షిక కింద అతి చిన్న అక్షరాలుండటం విరోధాభాస.

పాఠాంతరం: ‘జీవితాంతం ఉచితం’ అన్నచోట కొన్ని ప్రతుల్లో ‘మొదటి ఏడాది ఉచితం’ అని ఉంటుంది. ప్రతి చూసి సంతకం పెట్టాలి. వద్దనుకున్న కార్డును, బాకీ లేకపోతే, అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మనకు చెల్లించాలి. ఈ వాఙ్మయం మొత్తంలో జరిమానా ఎదురు ప్రవహించే అరుదైన ఘట్టం ఇది.

ప్రయోగం

ఆటో డెబిట్ పెట్టేటప్పుడు బ్యాంకు రెండు గడులు చూపుతుంది: మొత్తం బాకీ, కనీస బాకీ. మొదటి గడిలో టిక్కు పెట్టి, ఆ రోజుకు ఖాతాలో సొమ్ముంచితే పైన చెప్పిన విశేషాల్లో సగం చదవనక్కర్లేదు. అంత సొమ్ము లేని నెలలో కనీసం దగ్గర ఆగక, ఎంత వీలైతే అంత కట్టాలి. అది తీరేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టాలి.

శేషార్థం

విస్మరించండి = మరచిపోండి. మూలంలో ఉన్న ఏకైక వరం ఇదే. అయితే ముందున్న ‘చెల్లించి ఉంటే’ చేదర్థకం. అది తీరితేనే ప్రధాన క్రియ వర్తిస్తుంది. చెల్లించడానికి కర్మ ‘మొత్తం బాకీ’ అని ఇక్కడ అధ్యాహారం చేసుకోవాలి.

మా బావమరిది ‘కనీస బాకీ’ అని అన్వయించుకున్నాడు. వెయ్యి చెల్లించి, పంతొమ్మిది వేలు విస్మరించాడు.