నూరు గజాల గోల

పోయిన వారం ఎడమకి నాలుగంగుళాలు. ఈ వారం కుడికి మూడు. నా రైఫిల్‌కి రాజకీయాల్లో మంచి భవిష్యత్తుంది. వేటలో మాత్రం ఉన్నట్టు కనపడదు.

మధ్యలో నేను చేసిందేమీ లేదు. రేంజిలో గురి కుదిర్చాను, సంచీలో పెట్టాను, ఇంటికి తెచ్చి బీరువాలో తాళం వేశాను. ఆ చీకట్లో ఒంటరిగా కూచుని ఏం ఆలోచించుకుందో ఏమో, మనసు మార్చుకుంది.

స్కోపు బిగించి మరీ డబ్బాలో పెట్టి అమ్మే రకం ఇది. నాలుగొందల డాలర్ల లోపే. .308 క్యాలిబరు, ప్లాస్టిక్ స్టాకు, మూడు నుంచి తొమ్మిది రెట్లు దగ్గరచేసి చూపే స్కోపు. 'కాంబో' అంటారు. కాంబో అనగానే మనవాళ్లకి అందులో ఒకటి ఉచితం అనిపిస్తుంది. నిజమే, స్కోపు ఉచితం. అది అలాగే ప్రవర్తిస్తుంది కూడా.

కొన్నరోజు షాపులో నా వెనక ఓ తెలుగు కుర్రాడు వేట లైసెన్సు పట్టుకుని నిలబడ్డాడు. హెచ్‌1బీ. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ అమ్మడాన్ని ఇక్కడ అమెరికాలో ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చేతిలో వేట లైసెన్సు ఉంటే మాత్రం ఆ నిషేధం వర్తించదు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో పిల్లవాడికీ తెలీదు, వాళ్ల లాయరుకీ తెలీదు. రైఫిల్ మాత్రం మధ్యాహ్నం భోజనం వేళకి చేతికొచ్చేసింది. మా టెక్సస్‌లో అడవిపందులకైతే 2019 నుంచి ఆ లైసెన్సూ అక్కర్లేదు, ప్రైవేటు భూమిలో యజమాని సరేనంటే చాలు. పందికి నా తుపాకీ సంగతి తెలిస్తే అదీ సరేనంటుంది.

బ్యారెల్ మంచిదే, అన్యాయంగా మాట్లాడకూడదు. ఈ రోజుల్లో చౌక రైఫిళ్ల బ్యారెళ్లు నిజంగానే బాగుంటున్నాయి. మూడు తూటాలు కాలిస్తే మూడూ అంగుళంన్నరలో పడతాయి. ఆ అంగుళంన్నర ఏ పేటలో ఉంటుందన్నదే ప్రశ్న.

కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. స్కోపుని పట్టుకుని ఉండే రెండు రింగుల మధ్య దూరం సుమారు అయిదంగుళాలు. నూరు గజాలంటే 3,600 అంగుళాలు. అంటే రింగు దగ్గర జరిగిన ప్రతి తేడా లక్ష్యం దగ్గరికి వెళ్లేసరికి 720 రెట్లవుతుంది. ఒక కొస తలవెంట్రుక మందం పక్కకి జరిగితే చాలు, తూటా రెండంగుళాలు దారి తప్పుతుంది. కంపెనీవాడు బ్యారెల్ మీద బోలెడంత శ్రద్ధ పెట్టి, ఆ వెంట్రుక మందాన్ని పట్టుకోవలసిన స్క్రూ దగ్గర పైసలు లెక్కపెట్టుకున్నాడు. నా కడుపుమంటంతా అక్కడే.

రేంజిలో సలహాలకి కరువు లేదు. ఒకాయన తూటా మార్చమన్నాడు. మార్చాను, ఒక్కోటి డాలరుకి పైమాటే. ఇంకొకాయన బ్యారెల్ స్టాకుకి తగులుతోందేమో, మధ్యలోంచి డాలరు నోటు జార్చి చూడమన్నాడు. సాఫీగా జారిపోయింది. ఈ రైఫిల్ వచ్చిన దగ్గర్నించీ మా ఇంట్లో సాఫీగా జారిపోతున్నది ఆ నోట్లొక్కటే. పక్క బల్ల దగ్గరి పెద్దాయన, రిటైరైన మెకానిక్కు, "అబ్బాయ్, పేలుడుకి జడుసుకుని నువ్వే ముందుగా చెయ్యి కదుపుతున్నావు" అని తేల్చాడు. నిరూపిస్తానని నా మ్యాగజైన్‌లో నాకు తెలీకుండా ఓ ఉత్తుత్తి తూటా ఇరికించాడు. నొక్కాను. టిక్ మంది. ముక్కు కూడా కదల్లేదు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. నేరస్తుడు దొరక్కపోతే పోలీసు ముఖం ఎలా ఉంటుందో ఆరోజు చూశాను.

కూకట్‌పల్లి నుంచి మా బావమరిది ఫోను చేశాడు. జన్మలో తుపాకీ ముట్టుకోలేదు, అందుకే సందేహాలేమీ లేవు. "బావా, దసరాకి ఆయుధపూజ చేయించావా?" అన్నాడు. చేయించానని, వాళ్లక్కే స్వయంగా పసుపు రాసి, స్కోపు నెత్తిన ఇంత కుంకం బొట్టు కూడా పెట్టిందని చెప్పాను. ఆ బొట్టుతోనే రేంజికి వెళితే పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, "ఇదేనా కొత్త రెడ్ డాట్ సైటు? ఎంతకి కొన్నావ్?" అని అడిగాడు.

స్క్రూ బిగింపుకీ ఓ శాస్త్రం ఉందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. రింగు స్క్రూలని 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల బలంతో తిప్పాలట, అందుకో ప్రత్యేకమైన స్క్రూడ్రైవరట. తక్కువైతే స్కోపు జారుతుంది, ఎక్కువైతే గొట్టం నొక్కుకుపోతుంది. మన ఇళ్లలో ఇలాంటి కొలతలెక్కడివి? తిప్పేవాడి మెడనరాలు పైకి తేలితే బిగిసినట్టు. హైదరాబాదులో పచ్చళ్ల షాపు కుర్రాణ్ణి చూడండి. "అమెరికా ప్యాకింగేనా అండీ?" అని ఒక్క మాట అడుగుతాడు. అంతే. ఆవకాయని కవర్లో పోసి గాలి పీల్చేస్తాడు. దాని మీద ఇంకో కవరు. దాని మీద ఖాకీరంగు టేపు, అడ్డంగా, నిలువుగా, ఐమూలగా. గోంగూరకీ అంతే, మాగాయకీ అంతే. ఇంటికెళ్లాక మా అత్తగారు వాటిని మళ్లీ పాత తువాళ్లలో చుడతారు, కుర్రాడి మీద నమ్మకం లేక కాదు, తువాళ్లు కూడా అమెరికా రావాలి కనక. పెట్టె 23 కిలోలు దాటితే మాగాయని రెండో పెట్టెలోకి, అది దాటితే నా భుజానికి. చివర్న నైలాన్ తాడు, ఆ తాడుకో ముడి. ఆ ముడిని దోహాలో భద్రతవాళ్లు విప్పబోయి విరమించుకున్నారు. అక్కడ ఒకడు పెట్టెని విసిరాడు, డాలస్‌లో ఇంకొకడు పడేశాడు. ఇంటికొచ్చి కత్తెరతో, కత్తితో, ఆఖరికి పంటితో విప్పితే ఒక్క నూనెబొట్టు బయటికి రాలేదు. అదే నా రైఫిల్‌ని పక్కసీట్లో పడుకోబెట్టి, బెల్టు పెట్టి, పసిబిడ్డలా రెండు గంటల దూరం తీసుకెళితే స్కోపు ఊగుతోంది. ఆ కుర్రాడికి ఇంచ్-పౌండంటే ఏమిటో తెలీదు. వాణ్ణి గనక ఆ ఫ్యాక్టరీలో పెట్టుకుని ఉంటే... పెట్టుకోరు, వీసా ఇవ్వరు.

ఏం చెబుతున్నాను? ఆఁ, స్క్రూలు.

ఎవరో చెప్పగా మా ఆవిడ డ్రెస్సింగ్ టేబులు మీంచి గోళ్లరంగు తెచ్చి, ప్రతి స్క్రూ తల మీంచి కింది లోహం మీదికి సన్నటి గీత గీశాను. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది. ముదురు ఎరుపు, ఆవిడ పెళ్లిళ్లకి మాత్రమే వాడే సీసా. "ఏమండీ, నా గోళ్లకి లేని ముస్తాబు దానికా?" అంది. ఒక పెట్టెడు తూటాలు కాల్చాక భూతద్దం పెట్టి చూస్తే, ముందువైపు బేసుని, అంటే రింగుని మోసే దిమ్మని, రైఫిల్‌కి బిగించే స్క్రూ మీది గీత రెండు ముక్కలైంది. పై ముక్క స్క్రూతోపాటు ఆవగింజంత పక్కకి తిరిగింది. కింది ముక్క ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్లూ నన్ను ఆడించింది ఇంతేనా అని చాలాసేపు చూస్తూ కూచున్నాను.

విప్పిచూశాక అసలు సంగతి పెద్దాయనే పట్టుకున్నాడు. ఆ ముందు స్క్రూ అవసరానికి మించి పొడుగు. దాని కొన లోపల బ్యారెల్ మరల్ని తాకి ఆగిపోతోంది. తిప్పేవాడి చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, బేసుని మాత్రం పట్టుకోదు. ప్రతి పేలుడుకీ బేసు కొంచెం కొంచెం జరుగుతుంది. సరైన పొడుగువి తెచ్చి, రంధ్రాల్లో నూనె తుడిచి, నీలం రంగు జిగురు చుక్క వేసి, ఆ ప్రత్యేకమైన స్క్రూడ్రైవరుతోనే బిగించాం. మళ్లీ గోళ్లరంగు గీశాం. మళ్లీ కాల్చాం.

గీత చెక్కుచెదరలేదు. గురి చెదిరింది. ఒక వారం ఎడమకి నాలుగు, మరుసటి వారం కుడికి మూడు, పైన చెప్పిందే.

అంటే జబ్బు ఇప్పుడు స్కోపు పొట్టలో ఉంది. దాని మీద గురి సరిచేసే మీట ఒక్క క్లిక్కు తిప్పితే తూటా నూరు గజాల్లో పావంగుళం జరగాలి. నాలుగు క్లిక్కులు తిప్పితే ఏమీ జరగదు. తర్వాతి తూటా ఏమీ అనదు. దాని తర్వాతిది, అప్పుడే గుర్తొచ్చినట్టు, ఒక్కసారిగా రెండంగుళాలు దూకుతుంది. తిప్పాక నాణెంతో నెత్తిన ఓ మొట్టికాయ వెయ్యమని పెద్దాయన చిట్కా. వేస్తున్నాను. కుంకం రాలింది.

1910లో మన బొలారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్‌తో మనుషుల్ని తినే పులుల్ని వెతుక్కుంటూ దక్షిణాది అడవులన్నీ తిరిగాడు. రాత్రిళ్లు ఆ తుపాకీకే టార్చిలైటు బిగించుకునేవాడు. ఆ బిగింపు వదులై ఉంటే ఆయన పుస్తకాలు మనదాకా వచ్చేవి కావు.

నవంబరు మొదటి శనివారం జింకల సీజను మొదలైంది. ఆ తర్వాత ఒకరోజు, ఇంకా ఎండెక్కకముందే, జింకల కోసం పెట్టిన ఫీడరు గింజలు చల్లిన చోటికి ఒక మగజింక వచ్చింది. నూరు గజాలు కూడా ఉండదు. పక్కకి తిరిగి నిలబడింది, తొందర లేదు దానికి. గుండె, ఊపిరితిత్తులు కలిపితే ఎనిమిదంగుళాల చోటు. తూటా అక్కడ పడితే క్షణాల్లో అయిపోతుంది. నాలుగైదంగుళాలు వెనక్కి పడితే పేగుల్లోంచి పోతుంది. పొదల్లోకి పారిపోయి, ఎక్కడో పడుకుని గంటలకి గంటలు చస్తుంది. నాకు చెయ్యి వణకలేదు. అయినా నొక్కలేదు. దానికి నేనేమీ బాధపడ్డంలేదు. బాధల్లా ఇంకోటి. అంత దగ్గరగా, అంత తీరిగ్గా అలాంటి జంతువు నా ముందు నిలబడ్డం మళ్లీ ఎప్పుడో. దాని కొమ్ములకి ఎన్ని మొనలున్నాయో ఇప్పుడు అడిగితే చెప్పలేను. అది ఉన్నంతసేపూ స్కోపులోంచి దాన్నే చూస్తూ, స్కోపు గురించి ఆలోచిస్తున్నాను.

స్కోపు కంపెనీకి రాస్తే చాలా మర్యాదగా జవాబిచ్చారు. జీవితకాలపు హామీ ఉందట. ఎవరి జీవితకాలమో చెప్పలేదు. నా ఖర్చుతో పంపాలి, తిరిగి రావడానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మా ఉత్తరపు జోనులో సీజను జనవరి మొదటి ఆదివారంతో సరి. రైఫిల్ మీంచి స్కోపుని విప్పడంలో ఏమైనా ఇబ్బంది ఎదురైతే సంకోచించకుండా ఫోను చెయ్యమని అడుగున ఒక నంబరిచ్చారు. అంత శ్రమ అక్కర్లేదు. పాత స్క్రూలు ఇంకా డ్రాయర్లోనే ఉన్నాయి. అవి పెట్టి ఓ పెట్టెడు తూటాలు కాలిస్తే అదే ఊడొస్తుంది.